కుంచించుకుపోయిన అక్షరాలు

నా జబ్బును అందరికంటే ముందు పట్టుకుంది గేజి రిజిస్టరు. డాక్టర్లు పట్టుకోవడానికి ఆ తరవాత రెండేళ్లు పట్టింది.

నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాను. కోనసీమలో లొల్ల లాకులకు దిగువన ఓ చిన్న రెగ్యులేటరు, దాని షట్టర్లు ఎత్తి దించే ఇద్దరు లస్కర్లు నా చేతి కింద ఉండేవారు. 1981లో చేరి 2014 మార్చి ఆఖరున దిగిపోయాను. మూడు నెలలు తిరక్కుండానే రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెంచారు, ఆ ముచ్చట ఇప్పుడొద్దులెండి. రోజూ గేజి చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో, ఏ షట్టరు ఎన్ని అంగుళాలు ఎత్తామో రిజిస్టరులో ఎక్కించాలి. ముప్పై మూడేళ్లు ఎక్కించాను. నా దస్తూరీ గుండ్రంగా, పెద్దగా ఉండేది. పెళ్లి శుభలేఖల కవర్ల మీద పేర్లు రాయడానికి ఊళ్లో నన్నే పిలిచేవారు.

ఆఖరి ఏడాది అసిస్టెంట్ ఇంజనీరు గారు తనిఖీకి వచ్చి రిజిస్టరు చూసి, "ఏవండీ ఇన్‌స్పెక్టరు గారూ, దీంతోపాటు భూతద్దం కూడా పంపిస్తారా?" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వేశాను. వెళ్లి కళ్లజోడు మార్పించుకున్నాను.

జబ్బు పేరు తెలిశాక ఒకరోజు ఆఫీసుకు వెళ్లి పాత రిజిస్టర్లు తీయించుకుని చూశాను. 2009 పుస్తకంలో అక్షరాలు బొద్దుగా గీత మీద కూర్చున్నాయి. 2012కి వచ్చేసరికి ఏదో తేడా. 2013 పుస్తకం తెరిస్తే నా గుండె జారిపోయింది. ప్రతి వరసా మామూలుగానే మొదలైంది. మొదటి అక్షరం బఠాణీ గింజంత ఉంటే, వరస చివర 'రిమార్కులు' గడికి వచ్చేసరికి నువ్వుగింజంత. కింది వరసలో మళ్లీ బఠాణీ, మళ్లీ నువ్వు. పేజీ పేజీకీ అదే వరస. కలం మీద బలం తగ్గితే అక్షరం పలచబడాలి గానీ చిన్నది కాదు. ఇది బలం సంగతి కాదని నాకు అక్కడే అర్థమైంది.

ఇంకో గుర్తు కూడా ఉంది, అదీ అప్పుడు పట్టించుకోలేదు. ఓ ఎండాకాలం మా ఆవిడ ఆవకాయ కలుపుతుంటే పక్కనే కూర్చుని కాయలు తుడుస్తున్నాను. ఆవపిండి ఘాటుకి ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఏ వాసనా రాలేదు. జలుబు చేసిందనుకున్నాను. ఈ జబ్బులో చెయ్యి మొరాయించడానికి ఏళ్ల ముందే ముక్కు పోతుందట.

రిటైరయ్యాక కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలంటే ఎవరో ఒకరు సాయం పట్టాలి. ఒక డాక్టరు ఎక్స్‌రే తీసి భుజం కీలు బిగిసిందన్నాడు. కరెంటు పెట్టించుకున్నాను, తాడు లాగే కసరత్తులు చేశాను, ఇంజక్షన్లు పొడిపించుకున్నాను. పద్నాలుగు నెలలు అలా గడిచిపోయాయి. ఆయన్ని ఇప్పుడేమీ అనను. చాలామంది విషయంలో డాక్టర్లు ఇలాగే మొదట భుజం దగ్గరే పొరపాటు పడతారని తరవాత తెలిసింది.

అసలు సంగతి సంక్రాంతికి తేలింది. మా చెల్లెలి కూతురు అప్పుడు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. భోగి మంట దగ్గర్నుంచి నేను ఇంటికి నడిచి వస్తుంటే వెనకనుంచి చూసి, "మావయ్యా, నీ కుడి చెయ్యి ఊగట్లేదేంటి?" అంది. ఎడమ చెయ్యి అడుగు అడుక్కీ ఊగుతోంది. కుడిది కర్ర కట్టినట్టు పక్కన వేలాడుతోంది. నాకు తెలియనే తెలియదు. నడిచేటప్పుడు చేతులెవరు చూసుకుంటారు?

రాజమండ్రిలో నరాల డాక్టరు గారు యంత్రాలేవీ పెట్టలేదు. బొటనవేలికి చూపుడువేలిని గబగబా తట్టమన్నారు. ఎడమ చేత్తో తడుతూనే ఉన్నాను. కుడి చేత్తో మొదటి నాలుగు తట్లూ బాగా పడ్డాయి, ఐదోది చిన్నది, ఎనిమిదో తట్టుకి రెండు వేళ్లూ ఇంచుమించు అంటుకునిపోయాయి. గేజి రిజిస్టరే మళ్లీ, ఈసారి గాల్లో. మణికట్టు పట్టుకుని తిప్పి, "పళ్లచక్రంలా టక్కు టక్కుమని ఆగుతోంది చూశారా?" అన్నారు. ఇది పార్కిన్సన్స్, మన పాతవాళ్లు కంపవాతం అనేవారు, అని చెప్పారు. నాకు వణుకు లేదు కదండీ అన్నాను. వణుకు కంటే నెమ్మదించడమే దీని అసలు లక్షణమనీ, వణుకు అందరికీ రాదనీ చెప్పారు. నాకు మూడేళ్ల తరవాత అదీ వచ్చిందనుకోండి.

ఆ ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో మేనకోడలు సెలవులకి వచ్చింది. అరుగు మీద కూర్చుని పాత క్యాలెండరు వెనక బొమ్మ గీసి చెప్పడం మొదలుపెట్టింది. దాని పాఠం దానికి, నా లాకులు నాకు. ఇద్దరం కలిసి ఒక దారికి రావడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

కదలడమంటే మెదడు ఆర్డరు వేస్తుంది, చెయ్యి పాటిస్తుంది అని నా లెక్క. పైనుంచి ఫోను వస్తే మేం షట్టరు ఎత్తినట్టు. అది తల అడ్డంగా ఊపింది. "మెదడు లోతుల్లో బేసల్ గాంగ్లియా అని కణాల గుత్తులుంటాయి మావయ్యా. అక్కణ్ణుంచి బయటికి పోయే కణాలు నువ్వు ఊరికే కూర్చున్నప్పుడు కూడా సెకనుకి 60, 80 సార్లు చిన్న కరెంటు తట్లతో కొట్టుకుంటూనే ఉంటాయి. కబుర్లను మెదడు పైపొరకి చేరవేసే థాలమస్‌కి అవి చెప్పేది ఒక్కటే మాట, వద్దు వద్దు అని. నువ్వు గ్లాసు అందుకోవాలంటే ఆ ఒక్క పనికి సంబంధించిన 'వద్దు' కాసేపు ఆగుతుంది. మిగతా వద్దులన్నీ అలాగే ఉంటాయి."

నాకు ఒళ్లు జలదరించింది. కాలువలో నీళ్లు ఎప్పుడూ షట్టరును తోస్తూనే ఉంటాయి. నీళ్లను ముందుకు పంపడం లస్కరు పని కాదు, అవి వాటంతటవే పోతాయి. ఆయన పని పట్టి ఉంచడం, వేళకి ఒకటి వదలడం, పక్కవి వదలకుండా ఉండడం. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్లు తక్కువైనప్పుడు వంతులు వేసేవాళ్లం, ఈ మూడు రోజులు ఈ బోదెకి, ఆ మూడు రోజులు ఆ బోదెకి. అన్ని తూములూ ఒకేసారి ఎత్తితే శివారు భూములకి చుక్క రాదు. నా తలకాయలో అచ్చం అలాంటి డిపార్టుమెంటు నడుస్తోందని 60 ఏళ్లు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు.

"మరి ఏది వదలాలో ఎవరు చెబుతారే?" అన్నాను. మెదడు పైపొర అంతటి నుంచీ వార్తలు స్ట్రయేటమ్ అనే చోటికి చేరతాయట. అక్కణ్ణుంచి రెండు దారులు. ఒకటి నేరుగా పోయి తలుపు తీయిస్తుంది. రెండోది చుట్టుతిరిగి, సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే కందిగింజంత ముద్ద మీదుగా పోయి తలుపును ఇంకా బిగిస్తుంది. ఈ రెండింటి మధ్య సర్దుబాటు చేసేది డోపమైన్. "అంటే షట్టరు ఎత్తే స్క్రూ గేరుకి గ్రీజు" అన్నాను. "గ్రీజు అయితే రెండింటినీ ఒకేలా జారుస్తుంది. ఇది మొదటి దారిని హుషారు చేసి రెండో దాన్ని నొక్కిపెడుతుంది" అని దిద్దింది. నేను మాత్రం ఇప్పటికీ గ్రీజనే అంటాను. మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి చారలోని కణాలు దాన్ని తయారుచేస్తాయి. ఆ పేరుకు అర్థమే నల్లని పదార్థం. చెయ్యి మొరాయించేసరికి ఆ కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయట. అప్పుడు బిగించే దారి రెచ్చిపోతుంది, 'వద్దు'లు పెరిగిపోతాయి. నా అక్షరాలకు జరిగిందిదే. చెయ్యి కదులుతుంది గానీ ఎంత మేర కదలాలో ఆ కొలత ప్రతి అక్షరానికీ కొంత కొంత కోసుకుపోతుంది.

ఆర్డరు వేసేవాడి సంగతి కూడా విడిచిపెట్టలేదు నేను. తల మీద చెవి నుంచి చెవి దాకా హెయిర్‌బ్యాండు పెట్టుకునే చోట, కింద మోటార్ కార్టెక్స్ అనే పట్టీ ఉంటుంది. అక్కడ 'కుడి చూపుడువేలు' అని బోర్డు పెట్టుకుని కూర్చున్న కణం ఏదో ఒకటి ఉంటుందనుకున్నాను. లేదట. 1980లలో జాన్స్ హాప్‌కిన్స్‌లో అపోస్తలోస్ జార్జోపౌలోస్ అనే శాస్త్రవేత్త, కోతులు చెయ్యి చాపుతుంటే ఈ కణాల చప్పుడు రికార్డు చేశాడు. ప్రతి కణానికీ తనకిష్టమైన దిక్కు ఒకటుంది. ఆ దిక్కుకు చెయ్యి పోతే గట్టిగా కొట్టుకుంటుంది, పక్క దిక్కులకి పోతే కాస్త నెమ్మదిగా. ఏ ఒక్కదాన్ని విన్నా చెయ్యి ఎటు పోతుందో తేలదు. వాటన్నిటి లాగుళ్లూ కలిపి లెక్కేస్తే మాత్రం సరిగ్గా చెయ్యి పోయే దిక్కే వస్తుంది.

అంతర్వేది రథం లాగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. భీష్మ ఏకాదశినాడు తాడు పట్టినవాళ్లలో ఒకడు ఎడమకి ఒరుగుతాడు, ఒకడు కుడికి, ఇంకొకడు ఊరికే చెయ్యి వేసి గోవిందా అంటాడు. రథం మాత్రం వీధి వెంటే పోతుంది. ఒకడు తాడు వదిలేసినా ఆగదు.

ఆ పట్టీ నుంచి, దాని చుట్టుపక్కల నుంచి ఒక్కో వైపుకి సుమారు పది లక్షల తంతులు కిందికి దిగి, మెదడు కాండం అడుగున చాలామటుకు రెండో వైపుకి దాటి, వెన్నుపాములోకి పోతాయి. నా కుడిచేతి జబ్బు ఎడమ తలలో ఉండడం అందుకే. ఇంకా చిన్నమెదడు ఒకటుంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే అందులో 6,900 కోట్లు దాంట్లోనే ఉన్నాయి. అనుకున్న కదలికకీ జరిగిన కదలికకీ తేడా చూసి దిద్దడం దాని పని. గేజి చూసి షట్టరు అర అంగుళం సర్దడం లాంటిదన్నమాట. నా మటుకు అది బాగానే ఉందన్నారు. ఆ సంగతి తరవాత పనికొచ్చింది.

మాత్రలు మొదలుపెట్టిన తొలి నాలుగేళ్లు సుఖంగా గడిచాయి. డోపమైన్‌ను నేరుగా మింగితే మెదడులోకి పోదు, రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న కట్ట దాటనివ్వదు. అందుకని లెవోడోపా ఇస్తారు, అది దాటి లోపల డోపమైన్‌గా మారుతుంది. మా వీధిలో ఒకాయన దూలగొండి గింజలు తెచ్చిచ్చాడు. నాటువైద్యం కదా అని కొట్టిపారేయబోతే డాక్టరు గారే ఆపారు. ఆ గింజల్లో ఉన్నది నిజంగా లెవోడోపానేనట. కాకపోతే ఏ గింజలో ఎంతుందో లెక్క ఉండదు, మాత్రలతో కలిపితే మోతాదు తప్పుతుంది, వద్దన్నారు. మాంసకృత్తులు కూడా దీనికి అడ్డమే. పేగుల్లో రెండూ ఒకే గుమ్మం దగ్గర తోసుకుంటాయి. పులసల రోజుల్లో మాత్ర వేసుకుని అరగంట ఆగి తినాలి. పులస ముందు అరగంట కూర్చోవడం ఏమిటో గోదావరి జిల్లావాడికే తెలుస్తుంది.

తరవాత మాత్రకీ మాత్రకీ మధ్య ఎండు దినాలు మొదలయ్యాయి. వేసుకున్న గంటకి వరద, చెయ్యి దానంతటదే మెలికలు తిరిగేది. మూడు గంటలకి కాలువ ఎండిపోయేది. ఎండిపోయినప్పుడు గుమ్మం దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోయేవి. ఒళ్లంతా ముందుకి పోతుంటే కాళ్లు మాత్రం కదలవు. రెండుసార్లు పడ్డాను.

దీనికి విరుగుడు మా ఆవిడే కనిపెట్టింది. ఓ రోజు నేను వీధి గుమ్మంలో ఇరుక్కుపోతే, వాకిట్లో అప్పుడే వేసిన ముగ్గు దాటించుకురావడానికి నా చెయ్యి పట్టుకుంది. "తొక్కకండి, గీత దాటండి" అంది. గీత చూశాను, కాలు లేచింది. ఇంకో గీత, ఇంకో అడుగు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మర్నాటి నుంచి పడగ్గది దగ్గర మొదలుపెట్టి హాలు మీదుగా పెరట్లో దొడ్డి దాకా, అడుగుకో అడ్డగీత చొప్పున పిండి ముగ్గు పెట్టడం మొదలుపెట్టింది. ధనుర్మాసం కాని ధనుర్మాసం. చూడ్డానికి వచ్చినవాళ్లు ఏం వ్రతమమ్మా అని అడిగేవారు. నెల తిరిగాక పెయింటు వేయించేశాం.

మేనకోడలు ఫోనులో విని ఎగిరి గంతేసింది. మనంతట మనం మొదలుపెట్టే కదలికకి మెదడులో ఒక దారి, అది బేసల్ గాంగ్లియా మీద బాగా ఆధారపడుతుంది. కంటికి కనిపించే గుర్తును బట్టి వేసే అడుగుకి చిన్నమెదడు, ప్రీమోటార్ కార్టెక్స్ అనే భాగం ఎక్కువ సాయం పడతాయి. గట్టు తెగిన చోట కాలువను పక్కనుంచి మళ్లించినట్టు. ఆ తరవాత అదే ఇంకో వింత చెప్పింది. నడవలేక ఇరుక్కుపోయే ఒక రోగి సైకిల్ మాత్రం చక్కగా తొక్కేస్తున్నాడని నెదర్లాండ్స్ డాక్టర్లు 2010లో వీడియోతో సహా ప్రచురించారట. అదీ మనలాగే కాలువల దేశం, సైకిళ్ల దేశం. నేను ఆగుతానా? కాలువగట్టు మీద లస్కరు వెనక పట్టుకుని తోస్తే ఎక్కాను. తొక్కేశాను! ఫర్లాంగు దూరం మామూలు మనిషిలా పోయాను. దిగడం ఎలాగో ముందు ఆలోచించుకోలేదు. తుమ్మచెట్టుకి ఆనుకుని ఆగితే, ఆ సాయంత్రం మా ఆవిడ ఏం తిట్టిందో ఇక్కడ రాయను.

2023లో డీబీఎస్ మాట వచ్చింది. మెదడు లోతులో తీగ పెట్టి కరెంటు ఇవ్వడం. డబ్బు సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను, కొబ్బరితోట అర ఎకరం పోయింది. హైదరాబాద్ ఆసుపత్రిలో ముందు పరీక్షలు. రాత్రి నుంచి మాత్రలు మానిపించి పొద్దున్న కర్రలా ఉన్నవాడికి మార్కులు వేశారు. తరవాత మాత్ర ఇచ్చి, కదిలాక మళ్లీ మార్కులు వేశారు. మాత్రకి బాగా లొంగినవాడికే ఆపరేషన్ కూడా పనిచేస్తుందట. జ్ఞాపకశక్తి, మనసు సంగతులు కూడా రెండు గంటలు అడిగారు. వంద నుంచి ఏడేసి తీసేస్తూ చెప్పమంటే గేజి లెక్కలు చేసినవాణ్ణి కదా, గడగడా చెప్పేశాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే నాలుగు చోట్ల మత్తు సూదులు పొడిచి తలకి ఇనుప చట్రం బిగించారు. దాంతో స్కానింగు తీసి, ముందే తీసిన ఎంఆర్ఐ మీద కలిపి, కందిగింజంత సబ్‌థాలమిక్ ఎక్కడుందో మిల్లీమీటర్లలో లెక్కకట్టారు. నన్ను నిద్రపుచ్చలేదు. ఎముకకి రంధ్రం వేస్తుంటే నొప్పి లేదు గానీ, బోరు రిగ్గు మన తలలోంచే నడుస్తున్నట్టుంటుంది. కళ్లు మూసుకుని నరసింహస్వామిని తలుచుకున్నాను. మెదడుకి మాత్రం నొప్పి తెలియదు, దాని లోపల తీగ దిగుతున్నా ఏమీ తెలియలేదు.

అప్పుడు స్పీకరు పెట్టారు.

వెంట్రుక కంటే సన్నని కొన ఉన్న తీగలు అర మిల్లీమీటరు చొప్పున దిగుతుంటే, వాటి చుట్టూ ఉన్న కణాల చప్పుడు గదంతా వినిపిస్తోంది. మొదట్లో అక్కడొకటి, ఇక్కడొకటి, పొంగిన అటుకులు నూనెలో చిటపటలాడినట్టు. తరవాత నిశ్శబ్దం. డాక్టరు గారు లోతు చదువుతున్నారు. ఒక్కసారిగా రేకుల షెడ్డు మీద శ్రావణమాసం వాన కురిసినట్టు గోల మొదలైంది. "వచ్చేశాం, ఇదే సబ్‌థాలమిక్" అన్నారు ఎవరో. నా ఒంట్లో పదేళ్లుగా బ్రేకు తొక్కి పట్టుకున్నవాడి గొంతు అది. నేను నా చెవులతో విన్నాను.

ఒక కుర్ర డాక్టరు నా కుడి మణికట్టు పట్టుకుని మెల్లగా వంచి, చాపి, వంచాడు. వంచినప్పుడల్లా ఆ వాన పెరిగేది, ఆపితే తగ్గేది. మోచెయ్యి వంచితే ఈ తీగ మీద ఏమీ లేదు, పక్క తీగ మీద పెరిగింది. చేతికి ఒక చోటు, కాలికి ఒక చోటు, అంత చిన్న గింజలోనే గ్రామాల వారీగా విడగొట్టి పెట్టుకున్నారు! ఆ వానలో ఓ ఊపు కూడా ఉందనీ, మామూలు చెవికి పట్టదనీ తరవాత చెప్పారు. ఈ జబ్బులో అక్కడి కణాలు సెకనుకి 13 నుంచి 30 సార్లు ఒకే తాళంలో, మూకుమ్మడిగా ఊగుతాయట. బాగున్నవాళ్లలో కదలబోయే ముందు ఆ తాళం చెదిరిపోతుంది, నాబోటివాళ్లలో చెదరదు. తలా ఒక మాట చెబితేనే అది కబురు. అందరూ ఒకటే కేక పెడితే అందులో కబురేముంది? కణాలు కలిసి పనిచేయడమంటే ఒకేసారి కొట్టుకోవడం అనుకునేవాణ్ణి, అది నా పొరపాటు. వంతులు తప్పి ఊరంతా ఒకేసారి తూములెత్తిన రోజు నేను చూశాను కదా, మళ్లీ ఆ పొరపాటు ఎలా చేశానో.

ఇంకాస్త దిగితే వాన ఆగింది, తరవాత కుట్టుమిషను నడిచినట్టు సమంగా ఇంకో చప్పుడు. గింజ దాటేశామన్నారు. వెనక్కి వచ్చి అసలు తీగ పెట్టి కరెంటు వదిలారు. "చెయ్యి చాపండి. పిడికిలి బిగించి తెరవండి." తెరిచాను. ఐదోసారి, ఎనిమిదోసారి, పదిహేనోసారి కూడా అరచెయ్యి నిండా తెరుచుకుంటోంది. బఠాణీ బఠాణీగానే ఉంది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి, తుడుచుకుందామంటే తల బిగించి ఉంది. కరెంటు ఇంకా పెంచితే కుడి బుగ్గ లాగింది, మాట ముద్ద అయింది. పక్కనే పోతున్న ఆ పది లక్షల తంతుల దాకా కరెంటు పొర్లుతోందన్నమాట. గట్టు ఎంత దూరంలో ఉందో అలా కొలుచుకుని తగ్గించారు. రెండో వైపు కూడా అలాగే. తరవాత పూర్తి మత్తు ఇచ్చి ఛాతీలో, చర్మం కింద బ్యాటరీ అమర్చారు.

ఈ పద్ధతి పుట్టిన కథ నాకు భలే నచ్చింది. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ అనే సర్జను వణుకు ఆపడానికి మెదడులో చిన్న భాగాన్ని కాల్చేయబోతూ, చోటు సరిగ్గా ఉందా అని ముందు కరెంటు పెట్టి చూసేవాడు. సెకనుకి వందసార్ల దాకా పెంచితే కాల్చకుండానే వణుకు ఆగిపోయింది. ఇక కాల్చడమెందుకు? ఇంకోపక్క అమెరికాలో మాలన్ డిలాంగ్ కోతుల మీద పనిచేసి, సబ్‌థాలమిక్‌ను నిలిపేస్తే బిగుసుకుపోయిన కోతి కదులుతుందని 1990లో చూపించాడు. 1993లో గ్రెనోబుల్ బృందం మనిషికి అక్కడే తీగ పెట్టింది. ఇద్దరికీ 2014లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు. నేను రిటైరైన ఏడాదే.

ఇంటికొచ్చాక వారం రోజులు కరెంటు పెట్టకపోయినా బాగానే ఉన్నాను. నయమైపోయిందని ఊరంతా చెప్పేశాను కూడా. తీగ దిగినప్పుడు అక్కడ వాచి, ఆ వాపుతో బ్రేకు కొంత నొక్కుకుపోవడం వల్ల అలా ఉంటుందట. వాపు తగ్గగానే పాత మనిషినయ్యాను. నెల తరవాత వెళ్తే బ్యాటరీ ఆన్ చేశారు. సెకనుకి 130 సార్లు, ఒక్కో దెబ్బ 60 మైక్రోసెకన్లు. కరెంటు మోతాదు మాత్రం కొంచెం కొంచెంగా, వారాల మీద పెంచారు. నాలుగుసార్లు తిరిగాను. ఈ తిరుగుళ్ల సంగతి ఆపరేషన్‌కి ముందు ఎవరూ నొక్కి చెప్పరు, నా కంప్లయింటు అదొక్కటే. కోత ఒక రోజు పని, సర్దుబాటు ఆర్నెల్ల పని.

ఇప్పుడు మాత్రలు సగానికి తగ్గాయి. వణుకు లేదు. చొక్కా గుండీలు నేనే పెట్టుకుంటాను, మెడ దగ్గరది తప్ప. గొంతు పలచబడింది. అవతలి గట్టు మీద మనిషిని కేకేసి పిలిచినవాణ్ణి, ఇప్పుడు ఫోనులో కూడా ఏంటీ ఏంటీ అంటారు. గుమ్మాల దగ్గర అప్పుడప్పుడు ఇంకా ఆగుతాను, అందుకని హాల్లో గీతలు చెరపలేదు. నల్లచారలో కణాలు రాలడం ఆగలేదు. ఈ తీగ వాటిని తిరిగి తీసుకురాదు, రాలినందువల్ల పుట్టిన గోలను అణుస్తుంది, అంతే. తిరుపతి వెళ్తే మెటల్ డిటెక్టరు దగ్గర కార్డు చూపించి పక్కనుంచి పోవాలి.

నాది చార్జింగు బ్యాటరీ. వారానికోసారి ఛాతీ మీద బిళ్ల పెట్టుకుని గంటసేపు కుర్చీలో కూర్చోవాలి. కోనసీమలో తుపాను గాలి వీచిందంటే మొదట పోయేది కరెంటు, అది మళ్లీ రావడానికి రెండు రోజులు పట్టొచ్చు, నాలుగూ పట్టొచ్చు. అందుకని టీవీలో వాయుగుండం మాట వినపడగానే మా ఆవిడ బియ్యం, కొవ్వొత్తులు చూసుకోవడం మానేసి ముందు ఇన్వర్టరులో నీళ్లు చూస్తుంది. మొన్న అలాగే ఈదురుగాలి మొదలైతే, మనవడు సెల్‌ఫోను పట్టుకుని ప్లగ్గు దగ్గరికొచ్చాడు. ఆమె వాణ్ణి చేత్తో ఆపి, నా బిళ్ల తీసి తగిలిస్తూ, "ముందు తాతయ్యరా. తరవాతే ఫోన్లు" అంది.